మిస్ జెమీమా మంచు దాటిన రోజు

1863 జూన్ 26, శుక్రవారం. పొద్దున్నే లండన్ బ్రిడ్జ్ స్టేషన్లో ఒక పెద్ద గుంపు రైలెక్కింది. న్యూహేవెన్ దాకా రైలు, అక్కణ్ణుంచి స్టీమర్లో ఫ్రాన్స్‌లోని దియెప్, మళ్ళీ రైల్లో పారిస్. కొందరు పారిస్ చూసి వెనక్కి వెళ్ళిపోయారు. మిగతావాళ్ళు జెనీవా మీదుగా ఆల్ప్స్ వైపు సాగారు. థామస్ కుక్ అనే ఆయన ఇంగ్లండ్ నుంచి స్విట్జర్లాండ్‌కి వేసిన మొట్టమొదటి కండక్టెడ్ టూర్ ఇది. మూడు వారాలు, మనిషికి దాదాపు ఇరవై పౌండ్లు.

ఆ గుంపులో జెమీమా మొరెల్ ఉంది. యార్క్‌షైర్‌లోని సెల్బీ ఆమె ఊరు. వయసు 31, పెళ్ళి కాలేదు, బొమ్మలు బాగా వేస్తుంది. వెంట సోదరుడు విలియం, కొద్దిమంది స్నేహితులు. వీళ్ళంతా కలిసి తమకి తామే ఒక పేరు పెట్టుకున్నారు: జూనియర్ యునైటెడ్ ఆల్పైన్ క్లబ్. ఆ పేరులో ఒక చురక ఉంది, దాని సంగతి తర్వాత చెప్తాను. క్లబ్బు తరఫున డైరీ రాసే పని జెమీమాది. అచ్చు వేయించుకోవాలన్న ఉద్దేశంతో రాసింది కాదు, తమలో తాము చదువుకుని నవ్వుకోడానికి రాసుకుంది. ఆ డైరీ ఎటు పోయిందో ఎవరికీ పట్టలేదు. రెండో ప్రపంచయుద్ధం అయ్యాక, లండన్ ఈస్ట్ ఎండ్‌లో బాంబులకి కూలిన ఒక గోడౌన్ శిథిలాల్లో, రేకుపెట్టెలో దొరికింది. ప్రయాణం జరిగిన సరిగ్గా వందేళ్ళకి, 1963లో పుస్తకంగా వచ్చింది.

ఆ పెట్టె దొరక్కపోయుంటే కండక్టెడ్ టూర్ల పుట్టుక గురించి మనకి మిగిలేది రెండే: కుక్ తన గురించి తాను వేసుకున్న ప్రకటనలు, అతని టూరిస్టులని వెక్కిరిస్తూ పెద్దమనుషులు రాసిన వ్యాసాలు. టూర్‌లో ఉన్న మనిషి గొంతు వినపడేది కాదు.

ముందు కుక్ గురించి కొంచెం. వడ్రంగం నేర్చుకున్నవాడు, బాప్టిస్టు, తాగుడు మాన్పించడానికి ఊరూరా తిరిగి ప్రచారం చేసినవాడు. 1841 జూలై 5న లెస్టర్ నుంచి లఫ్‌బరోకి సుమారు ఐదొందలమందిని తలా ఒక షిల్లింగ్‌కి రైలెక్కించి మద్యపాన వ్యతిరేక సభకి తీసుకెళ్ళాడు. ఇప్పటి టూరిజం వ్యాపారం మొదలైంది అలాంటి సభ కోసం అంటే గోవా వెళ్ళొచ్చిన మా టీమ్ వాళ్ళు నమ్మలేదు. ఆ తర్వాత ఏళ్ళ తరబడి స్కాట్లాండ్ టూర్లే అతని బతుకుతెరువు. 1862లో స్కాట్లాండ్ రైల్వే కంపెనీలు ఇకమీదట నీకు టూరిస్టు టికెట్లు ఇవ్వం అనేశాయి. కొత్త చోటు వెతుక్కోవాల్సొచ్చింది. యశ్ చోప్రా సినిమాలు చూసి మనం కలలు కన్న స్విట్జర్లాండ్ మీద కుక్ కళ్ళు పడింది అలా, ఒక వెండర్ కాంట్రాక్టు రద్దయినందువల్ల.

ఇప్పుడు గ్లేసియర్ దగ్గరికి వద్దాం. బయల్దేరిన వారంలోపే వీళ్ళు చామొనీ చేరారు. అది స్విట్జర్లాండ్ కాదు. అప్పటికి మూడేళ్ళ కిందట, 1860లో, సవోయ్‌తో పాటు ఫ్రాన్స్‌లో కలిసింది. అయినా ఆల్ప్స్ చూడ్డానికి వచ్చినవాళ్ళెవరూ చామొనీ వదిలేసి పోయేవాళ్ళు కాదు. మోం బ్లాఁ శిఖరం అక్కడుంది, దాని పక్కనుంచి దిగే మేర్ ద గ్లాస్ అక్కడుంది. మేర్ ద గ్లాస్ అంటే మంచు సముద్రం. 1741లో విండమ్, పోకాక్ అనే ఇద్దరు ఇంగ్లీషువాళ్ళు తమ బృందంతో, అడవిమనుషుల మధ్యకి వెళ్తున్నట్టు తుపాకులూ కత్తులూ పట్టుకుని ఇక్కడికొచ్చారు. అలలు లేచిన సరస్సు ఉన్నట్టుండి గడ్డకట్టిపోయినట్టుందని విండమ్ రాశాడు. పేరు ఆ వర్ణన నుంచే వచ్చిందంటారు.

నన్నడిగితే మన మాటే మెరుగు. హిమానీనదం అన్నాం మనం. అది పారుతుంది. 1842లో జేమ్స్ ఫోర్బ్స్ అనే స్కాటిష్ శాస్త్రవేత్త ఈ మేర్ ద గ్లాస్ మీదే గుర్తులు పెట్టి, రోజూ కొలిచి, మంచు ఒడ్డున కన్నా నడిమధ్యలో వేగంగా కదులుతోందని తేల్చాడు. అచ్చం నదిలాగే.

జెమీమా వాళ్ళ దారి ఇదీ. చామొనీ ఊరు వెయ్యి మీటర్ల పైచిలుకు ఎత్తులో ఉంటుంది, మోంటన్వేర్ 1913 మీటర్లు. పైన్ చెట్ల అడవిలోంచి మెలికలు తిరిగే దారిలో ఎక్కాలి. నడవలేనివాళ్ళకి కంచరగాడిదలు. పైన ఒక చిన్న సత్రం. అక్కణ్ణుంచి మంచు మీదికి దిగి, అడ్డంగా దాటి, అవతలి ఒడ్డున మోవే పా అనే చోట కొండ అంచు పట్టుకుని నడవాలి. మోవే పా అంటే చెడ్డ అడుగు. రాతిలో కాలు పట్టేంత మెట్లు తొలిచి, పట్టుకోడానికి ఇనపకడ్డీ బిగించారు, కింద లోయ. అది దాటాక షపో అనే గుడిసె. గాడిదల్ని ఇంకో దారిన తిప్పి తీసుకొచ్చి షపో దగ్గర నిలబెట్టేవాళ్ళు. రైడ్ బుక్ చేస్తే డ్రైవర్ పికప్ పాయింట్ మార్చుకుని వచ్చినట్టు.

మంచు దాటడం అనేది వినడానికి చిన్న పనే. కానీ ఏం కట్టుకుని దాటారో చూడండి. 1863 అంటే క్రినొలిన్ల కాలం: నడుము నుంచి నేల దాకా గంటలాగా విచ్చుకునే పావడా, లోపల స్టీలు చట్రం. దానికి నాలుగేళ్ళ ముందు, 1859లో, మిసెస్ హెన్రీ వార్విక్ కోల్ అనే ఆవిడ మోంటె రోజా చుట్టూ తిరిగొచ్చి రాసిన పుస్తకంలో ఆడవాళ్ళకి ఒక సలహా ఇచ్చింది. పావడా కుట్ల వెంట లోపల చిన్న చిన్న రింగులు కుట్టుకుని, వాటిలోంచి తాడు దూర్చుకుంటే, కావలసినప్పుడు లాగి పైకెత్తుకోవచ్చు, ఊరు రాగానే దించేసుకోవచ్చు. నాకీ సలహా ఎంత నచ్చిందో! అందులో తిరుగుబాటు కబుర్లేమీ లేవు. లోకం చూసేచోట ఒకలాగా, కొండమీద ఇంకోలాగా ఉండే ఏర్పాటు, అంతే. కర్టెన్ తాడులా పనిచేస్తుంది. చేతిలో ఆల్పెన్‌స్టాక్, అంటే కింద ఇనపమొన ఉన్న పొడవాటి కర్ర. వెళ్ళిన ప్రతి ఊరి పేరూ దానిమీద కాల్చి ముద్ర వేయించుకునేవాళ్ళు. మన ఫ్రిజ్ మాగ్నెట్ల ముత్తవ్వ అన్నమాట.

ముందు గైడు. గొడ్డలితో మంచులో మెట్లు కొట్టేది, పగులు కనపడగానే ఆపేది, చెయ్యందించేది అతనే. చామొనీ గైడుల కథ కొంచెం చెప్పుకోకుండా ముందుకి పోలేను. 1820లో హామెల్ అనే ఒక రష్యన్ డాక్టరు మోం బ్లాఁ ఎక్కడానికొచ్చాడు. వాతావరణం బాగాలేదు, దిగిపోదామని గైడులు. కాదు, పోదామని ఆయన. హిమపాతం వచ్చి ముగ్గురు గైడుల్ని పగుల్లోకి తోసేసింది. పియర్ బల్మా, పియర్ కారియే, ఆగస్ట్ తెరాజ్. దొరలు బతికారు. ఆ మరుసటేడు, 1821లో, చామొనీలో గైడుల సంఘం ఏర్పడింది. దాని ముఖ్యమైన నియమం వరసక్రమం: వచ్చిన అతిథి ఎవరైనా సరే, వరసలో తర్వాతున్న గైడే వెళ్తాడు. మా భాషలో రౌండ్ రాబిన్. పెద్దమనుషులకి ఇది ఒళ్ళుమంట, తమకి నచ్చిన గైడు కావాలంటారు. ఊరివాళ్ళకి మాత్రం అదే అన్నం, అందరికీ పని దొరుకుతుంది.

ఆ ముగ్గురి శవాలు దొరకలేదు. మంచు పారే వేగాన్ని లెక్కేసి, సుమారు నలభై ఏళ్ళకి కింద బయటపడతాయని ఫోర్బ్స్ అన్నాడు. 1861 ఆగస్టులో బొస్సోఁ గ్లేసియర్ కొసన ఎముకలు, బట్టల పేలికలు, గైడుల సామాన్లు బయటికొచ్చాయి. నలభై ఒక్క ఏళ్ళు. ఆ రోజు బతికి బయటపడ్డ గైడుల్లో ఒకాయన, ముసలివాడై, వాటిని చూసి గుర్తుపట్టాడు. అది జరిగిన రెండేళ్ళకి జెమీమా వాళ్ళు ఆ ఊళ్ళో దిగారు, జోకులేసుకుంటూ, కర్రలమీద ముద్రలు వేయించుకుంటూ.

ఇప్పుడు ఆ క్లబ్బు పేరు సంగతి. 1857 డిసెంబరులో లండన్లో ఆల్పైన్ క్లబ్ మొదలైంది. ప్రపంచంలోనే మొదటి పర్వతారోహణ క్లబ్. లాయర్లు, ప్రొఫెసర్లు, పాదర్లు, అందరూ మగవాళ్ళు. ఆడవాళ్ళకి ప్రవేశం లేదు. 1871లో లూసీ వాకర్ మాటర్‌హార్న్ ఎక్కినా లేదు. చివరికి తలుపు తీసింది 1974లో. నూటపదిహేడేళ్ళు! ఆ క్లబ్బు పుట్టిన ఆరేళ్ళకి, పావడాలు పైకి లాక్కుంటూ మంచు దాటిన కొందరు ఆడవాళ్ళూ మగవాళ్ళూ తమ టూర్ గుంపుకి జూనియర్ యునైటెడ్ ఆల్పైన్ క్లబ్ అని పేరు పెట్టుకున్నారు. నవ్వుతూనే పెట్టుకున్నారు. నవ్వులాటకే అయినా, ఆ క్లబ్బులో ఆడా మగా ఇద్దరూ సభ్యులే.

గుంపు టూర్ల మీద వెక్కిరింపు వెంటనే మొదలైంది. 1865లో చార్లెస్ లీవర్ అనే ఐరిష్ నవలాకారుడు (ఇటలీలో బ్రిటిష్ కాన్సులేట్ ఉద్యోగం చేసేవాడు) బ్లాక్‌వుడ్స్ మ్యాగజైన్‌లో మారుపేరుతో కుక్ టూరిస్టులని దులిపేశాడు. ఆస్ట్రేలియా ఇక ఖైదీల్ని తీసుకోనంటోంది కాబట్టి ప్రభుత్వం వాళ్ళని కుక్ ద్వారా ఇటలీ ఊళ్ళల్లో వదిలించుకుంటోందని ఒక పుకారు కూడా సరదాకి అల్లాడు. కుక్ విదేశాంగ మంత్రికి ఫిర్యాదు చేసుకున్నాడు. ఒరిగిందేమీ లేదు. అంతకుముందే రస్కిన్ రైలు ప్రయాణాన్ని మనిషిని పార్సెల్ చేసి పంపడంతో పోల్చాడు. రస్కిన్ తల్లిదండ్రులతో కలిసి సొంత గుర్రబ్బండిలో ఆల్ప్స్ తిరిగినవాడు. పార్సెల్ కాకుండా తిరగడానికి ఏం కావాలో ఆయనకి బాగా తెలుసు.

ఆర్కుట్ కాలం నుంచి ఇన్‌స్టా రీల్స్ దాకా మన తరం కూడా ఇదే పాట పాడుతోంది. టూరిస్టు వేరు, ట్రావెలర్ వేరు. గుంపు చెడ్డది, ఒంటరితనం గొప్పది. ఈ వాదనలో నాకు రెండు ఇబ్బందులున్నాయి. మొదటిది, ఒంటరి అనేది ఎప్పుడూ ఒంటరి కాదు. 1851లో ఆల్బర్ట్ స్మిత్ మోం బ్లాఁ ఎక్కి, ఆ సాహసాన్ని లండన్లో ఆరేళ్ళపాటు షో వేసి డబ్బు చేసుకున్నాడు. పైకి వెళ్ళినప్పుడు ఆయనతో ముగ్గురు సాటి దొరలు, 16 మంది గైడులు, పోర్టర్లు వేరే. అందరికంటే ముందు నడిచి మెట్లు కొట్టినవాళ్ళ పేర్లు పోస్టర్లమీదికి ఎక్కవు. గుంపుని లెక్కపెట్టేటప్పుడు కూలీలని మినహాయిస్తే తప్ప ఒంటరి సాహసికుడు దొరకడు.

రెండోది, ఒంటరిగా వెళ్ళగలగడం అందరికీ దొరికే వరం కాదు. సెల్బీలో ఉండే ముప్పయ్యొక్కేళ్ళ అవివాహిత విదేశానికి ఎలా పోతుంది? హోటల్లో గది ఎవరిస్తారు, బండివాడితో ఫ్రెంచిలో బేరం ఎవరాడతారు, ఊళ్ళో నలుగురికీ ఏం చెప్పాలి? ఈ ప్రశ్నలన్నిటికీ ఒకే జవాబు: కుక్ గారి పార్టీతో వెళ్తున్నాను. కుక్ పార్టీల్లో ఆడవాళ్ళు అంతమంది ఉండటానికి ఇదే కారణం. పైగా కుక్ వాళ్ళతో చివరిదాకా లేడు, మధ్యలోనే తన పనులమీద విడిపోయాడు. మిగతా దారి అంతా, గెమ్మి కనుమ, గ్రిండెల్వాల్డ్, రిగి కొండమీద సూర్యోదయం, ఈ క్లబ్బు వాళ్ళే చూసుకున్నారు. గుంపు వాళ్ళని గుమ్మం దాటించింది, తర్వాత వాళ్ళ కాళ్ళమీద వాళ్ళు నడిచారు.

అయితే దీన్ని ప్రజాస్వామ్యం అని పొగిడేవాళ్ళని కూడా కాస్త ఆగమంటాను. ఆ రోజుల్లో ఇంగ్లండ్‌లో ఇంటిపని చేసే అమ్మాయికి ఏడాది మొత్తానికి ఇరవై పౌండ్లు వచ్చేవి కావు. జెమీమా ఇంట్లో గిన్నెలు తోమినావిడ ఎవరో, ఆవిడ మంచు సముద్రం చూడలేదు. తలుపు తెరుచుకుంది, కానీ మధ్యతరగతి పట్టేంతే.

మా అమ్మ రిటైర్డ్ టీచరు. 2018లో గుంటూరు నుంచి ఒక యూరప్ టూర్‌లో వెళ్ళింది. నలభైమంది, అందులో సగం కన్నా ఎక్కువ అరవై దాటిన ఆడవాళ్ళు, వెంట వంటమనిషి, ఆవకాయ, కందిపొడి. అంతకుముందు నేను రమ్మంటే ఒప్పుకోలేదు. "నీతో వస్తే మ్యూజియంలు తిప్పి చంపుతావే. నేను కూచుంటానంటే నీకు కోపం" అంది. నిజమే. నాతో వస్తే ఆవిడ కూతురు చూపించినవి చూడాలి. ఆ గుంపులో ఎవరికీ తల్లి కాదు, అత్త కాదు. బస్సులో వెనక సీటు నలుగురు టీచర్లదీ. తిత్లిస్ మీద చీరకట్టు, కింద స్పోర్ట్స్ షూ, పైన అద్దె జాకెట్, చేతిలో మంచుముద్ద. ఆ ఫొటోలో మా అమ్మ నవ్వినట్టు నేను తీసిన ఏ ఫొటోలోనూ నవ్వలేదు. గ్లేసియర్ గురించి అడిగితే రెండు ముక్కల్లో తేల్చేసింది. వెంకాయమ్మ టీచరు కేబుల్ కార్‌లో కళ్ళు మూసుకుని హనుమాన్ చాలీసా చదివిన సంగతి మాత్రం అరగంట చెప్పింది. జెమీమా డైరీలో కూడా పాళ్ళు దాదాపు ఇంతే. కొండలకి ఇచ్చినంత చోటు తోటివాళ్ళకీ ఇచ్చింది. నాకు ఆ డైరీ నచ్చడానికి అది పెద్ద కారణం.

మనకి అసలు గుంపుగా వెళ్ళడం తక్కువతనం అన్న ఊహే ఈమధ్యది. ఏనుగుల వీరాస్వామి 1830లో మద్రాసు నుంచి కాశీకి తల్లి, భార్య, పెద్ద పరివారంతో బయల్దేరాడు. పదిహేను నెలలు. ఊరూ వాగూ, సరుకుల ధరా, బోయీల కష్టమూ అన్నీ రాసుకున్నాడు. తాను ఒంటరిగా లేనందుకు ఆ యాత్ర విలువ తగ్గిందని ఆయనకి ఒక్క క్షణం కూడా తోచి ఉండదు.

నేను చామొనీ వెళ్ళింది 2019 సెప్టెంబరులో, ఆఫీసు పనిమీద జెనీవాలో ఉన్నప్పుడు. థామస్ కుక్ కంపెనీ దివాళా తీసి, లక్షన్నరమంది బ్రిటిష్ టూరిస్టులు ఎక్కడికక్కడ ఇరుక్కుపోయింది ఆ నెలలోనే. ఏడుగురం ఒక శనివారం బస్సులో పోయాం. గంటన్నర. మోంటన్వేర్‌కి ఎర్ర రైలు, ఇరవై నిమిషాలు. కిటికీ సీటు కోసం కొట్లాట, ముగ్గురికి పులిహోర, ఒకరికి తలనొప్పి.

మోంటన్వేర్ దగ్గర దిగి కిందికి చూస్తే మంచు సముద్రం వెంటనే కనపడదు. రాళ్ళు, బూడిదరంగు మట్టి, వాటి కింద ఎక్కడో మంచు. స్టేషన్ దగ్గర్నుంచి కేబుల్ కార్ కిందికి తీసుకెళ్తుంది. అది కట్టిన 1988లో, దిగాక మంచు మీద కాలు పెట్టడానికి మూడు మెట్లు చాలేవట. మేం వెళ్ళేటప్పటికి అవి ఐదొందలు దాటాయి. కొండకి బిగించిన ఇనపమెట్లు. దిగుతుంటే పక్కన రాతిమీద చిన్న చిన్న బోర్డులు, ఏ ఏడాది మంచు ఎంతవరకు ఉండేదో చెప్తూ. 1990 అని రాసిన బోర్డు దగ్గర ఆగాను. అప్పటికి నేను ఎల్‌కేజీ. ఆ బోర్డు నుంచి మంచు దాకా ఇంకా ఎన్నో మెట్లు ఉన్నాయి. మాలో ముగ్గురు అక్కడే ఆగిపోయారు, దిగితే మళ్ళీ ఎక్కాలి కదా అని.

పంతొమ్మిదో శతాబ్దం మధ్యలో ఈ గ్లేసియర్ నాలుక లోయలో, లె బువా అనే పల్లె దగ్గరి దాకా దిగేది. ఆ పల్లెవాళ్ళకి మంచు అందం కాదు, పొలాలమీదికి వచ్చే భయం. ఇప్పుడు అది లోయలోంచి కనపడనే కనపడదు. ఎంత వెనక్కి పోయిందో కట్టిన లెక్కల్లో శాస్త్రజ్ఞులు పాత పెయింటింగులూ, చెక్కుబొమ్మలూ, తొలినాటి ఫొటోలూ వాడుకున్నారు. టూరిస్టులు గోడలకి తగిలించుకోడానికి కొనుక్కున్న బొమ్మలు కూడా వాటిలో ఉన్నాయి. మంచి కాలక్షేపం అనుకుని చేసినవి కొలతలుగా మిగిలాయి.

మోంటన్వేర్ దగ్గర మంచు 1850ల నుంచి వంద మీటర్లకి పైగా కుంగింది. కాబట్టి జెమీమా మంచుమీద వేసిన అడుగుల్ని వెతకాలంటే కిందికి చూసి లాభం లేదు. పై అరుగుమీద నిలబడి, ఎదురుగా చూడాలి. అవతలి గోడలో రాతిమీద రంగు మారిన గీత ఒకటి ఉంటుంది, ఒకప్పుడు మంచు ఒరుసుకుంటూ పోయిన ఎత్తు అది. ఈ ఒడ్డు నుంచి ఆ గీత దాకా వాళ్ళు క్రినొలిన్లతో, కర్రలతో, గైడు చెయ్యి పట్టుకుని నడిచి వెళ్ళారు. ఇప్పుడక్కడ గాలి ఉంది. 2024లో పాత కేబుల్ కార్ తీసేసి, మంచు ఇంకా మిగిలున్న చోటికి, లోయలో ఇంకొంచెం పైకి జరిపి కొత్తది కట్టారు.